ఇరవై మూడు బోణీలు

నాగమణి చేసిన పని తప్పని ఆమెకు మూడు రోజుల దాకా తెలియలేదు. ఆ మూడు రోజులూ అంగడికి వచ్చిన ప్రతివాళ్ళకీ దాన్ని గొప్పగా చెప్పుకుంది కూడా.

మార్కాపురం మెయిన్ బజారు వెనక వీధిలో కోటేశ్వర్లు కిరాణా అంగడి ఉంది. నాగమణి అతని అక్క. భర్త పోయినప్పటి నుంచి, అంటే ఇరవై రెండేళ్ళుగా, తమ్ముడి అంగట్లోనే ఉంటూ సరుకు చూసుకుంటోంది. కందులు గానీ పెసలు గానీ చింతపండు గానీ, ఏది వచ్చినా ముందు ఆమె చెయ్యి పడాలి. పిడికెడు తీసి అరచేతిలో పరిచి, ఒక గింజ కొరికి, "దించుకో" అంటే దించుకుంటారు. "వద్దు" అంటే ఆటో అట్లే వెనక్కి పోతుంది.

అంగడి పైన ఒక గది. ఆ గదిలో కోటేశ్వర్లు కూతురు మనోజ్ఞ, ఆమెతో ఇంజనీరింగు చదివిన హేమలత రెండున్నరేళ్ళుగా కూర్చుని ఫోనులో ఆడుకునే ఆట ఒకటి తయారు చేశారు. హేమలతది బేస్తవారిపేట దగ్గర పల్లె. తండ్రి కొండయ్యకు ఎనిమిదెకరాల మెట్ట ఉంది. ఆ పిల్ల వారానికి ఆరు రోజులు పొద్దున బస్సులో వచ్చి సాయంత్రం బస్సులో పోయేది.

ఆట పేరు 'సంత రోజు'. ఆడేవాళ్ళకు చిన్న ఊళ్ళో ఒక అంగడి ఉంటుంది. సంతకు పోయి సరుకు కొనాలి. పుచ్చు గింజలేవో మంచివేవో చూసుకోవాలి. బస్సు టాపు మీద వేయించుకొచ్చి, వచ్చినవాళ్ళకు తూచి ఇవ్వాలి. బొమ్మలన్నీ మనోజ్ఞ గీసింది. తక్కెడ ఎట్లా ఊగాలి, వాన పడితే గిరాకీ ఎంత తగ్గాలి, బెల్లం ఎన్నాళ్ళకు కారుతుంది, ఈ లోపలి సంగతులన్నీ హేమలత రాసింది.

పైన కుర్చీలు జరిగిన చప్పుడు, వాళ్ళిద్దరూ పోట్లాడుకున్న చప్పుడు కింద గల్లా దగ్గరికి వినపడేవి. నాగమణికి ఆ చప్పుడు అలవాటై, ఆదివారాలు అంగడి మరీ బోసిగా అనిపించేది.

ఫోను ఆటలమ్మే ఆన్‌లైన్ స్టోరుకు ఆటను పంపారు. రెండుసార్లు తిరిగొచ్చింది. నాగమణి టీ తీసుకుని పైకి పోయి అడిగింది.

"ఎందుకు తిప్పి పంపినారంట?"

"ఒకసారి బొమ్మ సైజు సరిగ్గా లేదని. ఇంకోసారి ఒక లెటరు పెట్టలేదని" అంది హేమలత.

"ఆట ఎట్లుందో ఏమన్నా అన్నారా?"

"ఆటెవరు చూస్తారత్తా? రోజుకు వందలొస్తయ్. మిషన్ చూస్తాది. తెరుచుకుంటుందా, వైరస్ ఉందా. అంతే."

"ఆడి చూడకుండానే అంగట్లో పెట్టుకుంటారా! రుచి చూడకుండా బెల్లం దించుకుంటామా మనం?"

"మనకు చోటు చాలదు కాబట్టి చూసి దించుకుంటాం. వాళ్ళకు చోటుకేం తక్కువ? వచ్చిందంతా పెట్టుకుంటారు" అని నవ్వింది మనోజ్ఞ.

నాగమణి ఆ మధ్యాహ్నం స్టోరు తెరిచి, కొత్త ఆటలన్న చోట వేలితో పైకి నెట్టుకుంటూ పోయింది. లారీ నడిపే ఆటలే పన్నెండు. గోళ్ళకు రంగు వేసే ఆట. మొటిమలు గిల్లే ఆట. ఒకే పసుపు పిల్లి బొమ్మతో ఐదు ఆటలు. ఐదింటికీ పేర్లు వేరు, పిల్లి ఒకటే. తెరిస్తే ఐదింటిలోనూ ఆటకంటే ముందు సబ్బు ప్రకటన వచ్చింది. వేలు నొప్పి పుట్టేదాకా నెట్టినా అడుగు కనపడలేదు. ఇందులో మన పిల్లల ఆట ఎవరికి దొరుకుతుంది అనుకుంది. 

ఆమె దిగులుకు ఇంకో కారణం ఉంది. బెంగళూరు నుంచి ఒక కంపెనీ హేమలతను పిలిచింది. పరాయివాళ్ళు చేసిన ఆటల్లో తప్పులు పట్టే ఉద్యోగం. వచ్చే ఒకటో తారీఖు చేరాలి. "ఆట నిలబడితే ఉంటానత్తా. లేకపోతే పోతా. మా నాయన ఎన్నాళ్ళని చూస్తాడు?" అని ఆ పిల్ల దాచకుండా చెప్పింది.

నాగమణి ఇంట్లో ఎవరూ 'పోతా' అనరు. 'వస్తా' అనే గడప దాటతారు. ఆమె భర్త ఆఖరిసారి బయల్దేరినప్పుడూ 'వస్తా' అన్నాడు. పెళ్ళికి ముందు ఆమె, పక్కింటి రాధిక కలిసి అప్పడాలు ఒత్తి బజారుకు వేసేవాళ్ళు. రాధిక పెళ్ళయి కర్నూలు పోతూ, నెలకోసారి వస్తానంది. నలభై ఏళ్ళలో మూడుసార్లు కనపడింది. మూడోసారి ఏం మాట్లాడుకోవాలో తెలియక ఇద్దరూ ఫ్యాను కింద కూర్చుని, ఎండలు ఎక్కువయ్యాయని చెప్పుకున్నారు. పై గదిలో ఆ రెండు కుర్చీలు చూసినప్పుడల్లా నాగమణికి ఆ ఫ్యాను గుర్తొచ్చేది. అందుకే ఆట నిలబెట్టడానికి తను చేయగలిగింది ఏదన్నా ఉంటే చేయాలనుకుంది. ఆమెకు తెలిసిన పని ఒక్కటే. బోణీ చేయించడం.

కొత్త అంగడి తెరిస్తే చుట్టాలంతా వచ్చి, బేరమాడకుండా తలా ఒక వస్తువు కొని, ఒక మంచి మాట అని పోవడం వాళ్ళ ఇళ్ళలో పద్ధతి. మొదటి బోణీ రామయ్యది. రామయ్య ఆమె పెదనాయన కొడుకు, డెబ్బై నాలుగేళ్ళవాడు, కందుల వ్యాపారం చేసి కొడుక్కి అప్పజెప్పాడు. ఆయన చెయ్యి మంచిదని పేరు. మార్కాపురంలో పన్నెండు అంగళ్ళు ఆయన బోణీతో తెరిచారు. ఇంతవరకు ఒక్కటీ మూతపడలేదు.

మూడోసారి పంపితే స్టోరువాళ్ళు ఒప్పుకున్నారు. ఆట అందులోకి వచ్చేది గురువారమని తెలిసి, నాగమణి పంచాంగం చూసి పదకొండూ నలభై రెండుకు ముహూర్తం పెట్టింది. పిల్లలిద్దరికీ చెప్పలేదు, సంతోషపడతారులే అనుకుంది. చెల్లెలి కొడుకు కిషోర్‌కు గిద్దలూరులో సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. ఏది ఎక్కడ నొక్కాలో అందరికీ చూపించడానికి అతన్ని పిలిపించింది.

ఆ రోజు కోటేశ్వర్లు ఇంటి హాలు నిండిపోయింది. మనోజ్ఞ తల్లి వాసవి కేసరి చేసి పెట్టింది. పిల్లలిద్దరూ తెల్లారినప్పటి నుంచి పై గదిలోంచి కదల్లేదు. చిన్న ఫోన్లలో ఏదో బటన్ తెర బయటికి పోతోందట. కింద రామయ్య కళ్ళద్దాలు తుడుచుకుని, దణ్ణం పెట్టుకుని, ఆట దించుకునే చోట నొక్కాడు. తర్వాత అందరూ నొక్కారు. మంచి మాట రాయాలి కదా, ఏం రాయాలని అడిగితే కిషోర్ ఒకటి రాసి ఇంటి వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. "చాలా మంచి ఆట. ఇంటిల్లిపాదీ ఆడుకోవచ్చు. ఇంత మంచి ఆట ఇంతవరకు చూడలేదు." అందరూ దాన్నే అంటించి, ఐదు నక్షత్రాలూ వెలిగించారు. నొక్కడం తెలియనివాళ్ళ ఫోన్లు కిషోర్ తీసుకుని తనే నొక్కి ఇచ్చాడు. తొమ్మిది నిమిషాల్లో ఇరవై మూడు మంచి మాటలు.

చప్పుడు విని మనోజ్ఞ కిందికొచ్చింది. ఫోను తీసి చూసింది.

"ఒక్కరన్నా ఆట తెరిచినారా నాయనా?"

"తెరుస్తాంలేమ్మా. ముందు భోజనాలు కానీ" అన్నాడు కోటేశ్వర్లు.

ఆ పిల్ల హాలంతా ఒకసారి చూసి, "సరే" అని పైకి పోయింది. సిగ్గుపడిందనుకుంది నాగమణి.

ఆదివారం పొద్దున ఆట స్టోరులో లేదు. వెతికితే పిల్లి వస్తోంది గానీ 'సంత రోజు' రావడం లేదు. మనోజ్ఞకు ఉత్తరం వచ్చింది. కబురంది హేమలత ఆదివారమైనా బస్సెక్కి వచ్చింది. మనోజ్ఞ అత్తను పైకి రమ్మని పిలిచి చదివి చెప్పింది.

"దొంగ పొగడ్తలు రాయించుకున్నామంట. ఒకే ఇంటి నుంచి, ఒకే గంటలో, ఒకే మాట. ఆట తెరవకుండా రాసినవి. మనవాళ్ళు రాసినవన్నీ పది రోజుల్లో తీయించి, ఇంకేం లేవని రాసియ్యాలంట. లేకపోతే శాశ్వతంగా మూసేస్తారు. నా పేరుతో ఇంకో ఆట కూడా పెట్టనియ్యరు."

"దొంగతనమేముంది ఇందులో! ఎవరికన్నా డబ్బులిచ్చి రాయించినామా? ఇంటివాళ్ళు బోణీ చేసినారు."

"స్టోరు నిండా చెత్త చేరిపోయిందత్తా. ఆ చెత్త పైకి రావాలని డబ్బులిచ్చి రాయించుకునేటోళ్ళు వేలమంది. వాళ్ళను పట్టుకోవడానికి మిషన్ పెట్టినారు. బోణీ అంటే ఏందో మిషన్‌కు తెలీదు."

"మరి ఆ పిల్లి ఆటలు?"

"ఐదూ ఉన్నయ్" అంది హేమలత. నవ్వలేదు. లాప్‌టాపు మూసి, "ఒకటో తారీఖు పోతా అత్తా. అనుకున్నదే గదా" అంది.

నాగమణి మెట్లు దిగింది. గల్లా దగ్గర కూర్చుని, సరుకుల పుస్తకం వెనక పేజీలో ఆ రోజు వచ్చినవాళ్ళ పేర్లు రాసింది. పంతొమ్మిదే వచ్చాయి. ఎంత గుర్తు చేసుకున్నా పంతొమ్మిదే.

ముందు రామయ్యకు తప్ప అందరికీ ఫోన్లు చేసింది. అందరూ "దానికేం, తీసేస్తాంలే" అన్నారు. రెండు రోజుల తర్వాత మనోజ్ఞ చూస్తే ఐదు మాత్రమే తగ్గాయి. మిగతావాళ్ళు ఫోనులోంచి ఆటను తీసేసి, మాటను అట్లే ఉంచారు. ఇది కూర్చుంటే అయ్యే పని కాదని నాగమణి సంచీ, మంచినీళ్ళ సీసా తీసుకుని బయల్దేరింది. ఎట్లా తీయాలో మనోజ్ఞ ఒక కాగితం మీద బొమ్మలు గీసి ఇచ్చింది.

మార్కాపురంలో ఉన్నవాళ్ళు ఒక రోజుకు అయ్యారు. మర్నాడు తర్లుపాడు పోయింది. అక్కడ ఆమె మరిది మురళీకృష్ణకు మందుల షాపు.

"ఏంది వదినా, మొన్న పెట్టమంటివి, ఇయ్యాల తియ్యమంటివి. కొళాయి అనుకున్నావా?"

"నీకు దణ్ణం పెడతా. తీసెయ్యప్పా."

"ఆటే తీసేసినా గదా!"

"ఆట తియ్యమన్నానా నేను? మాట తియ్యమన్నా. ఆట మళ్ళీ పెట్టుకో, మాట తీసెయ్."

"ఆడేది లేదు పాడేది లేదు, నాకెందుకది?" అంటూనే మురళీకృష్ణ కాగితం చూసుకుంటూ నొక్కసాగాడు. బీపీ మాత్రల కోసం నిలబడ్డ పుల్లయ్య అనే రైతు తొంగి చూశాడు.

"ఏం చెరుపుతున్నారు సారూ?"

"పొగిడిందాన్ని."

"దానికింత తంటానా? తిట్టింది కూడా ఇట్ల చెరుగుద్దా? మా బామ్మర్దిని అన్నయి కొన్ని ఉండాయ్."

ఆ తర్వాత రోజు బస్సులో గిద్దలూరు. కిషోర్ ఆమెను చూడగానే కూల్‌డ్రింకు తెప్పించాడు. నాగమణి ముట్టుకోలేదు.

"వచ్చినోళ్ళు పంతొమ్మిది. స్టోరులో ఇరవై మూడు. ఎట్లరా?"

కిషోర్ మెడ రుద్దుకున్నాడు. "ఇంకాస్త నిండుగా ఉండాలని... షాపులో చూపించడానికి పెట్టిన ఫోన్లు నాలుగు ఆ రోజు వెంట తెచ్చి, వాటి నుంచి కూడా వేసినా పెద్దమ్మా."

"నాలుగు ఫోన్లు మనకు చుట్టాలంట్రా?"

"నీకోసమే గదా చేసింది! తిడతావేంది మళ్ళీ?"

నిజమే, తన కోసమే. నాగమణి నాలుగు ఫోన్లలోనూ తీసేదాకా పక్కనే నిలబడింది. తిరిగొచ్చేటప్పుడు బస్సు బేస్తవారిపేటలో ఆగింది. బస్టాండులో ఒక తల్లి కొడుకు చేతిలో సంచీ పెడుతోంది. నాగమణి మొహం ఇంకో పక్కకు తిప్పుకుని, పుస్తకంలో పేర్లు కొట్టేసుకుంది. ఒక్కటి మిగిలింది.

ఆ ఒక్కటీ రామయ్య. తమ వీధికి రెండు వీధుల అవతల ఇల్లు. కావాలనే ఆఖరికి ఉంచుకుంది, భయపడి.

గడువు ఇంకా రెండు రోజులుందనగా పోయింది. రామయ్య వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, ఫోనును ముక్కుకు దగ్గరగా పెట్టుకుని ఉన్నాడు.

"రా మణీ. సరుకు వాపసు అడుగుతున్నావంట ఊరంతా తిరిగి. నా దగ్గరికెప్పుడొస్తావా అని చూస్తున్నా."

"అన్నా, నువ్వు కోప్పడకుండా వినాలి..."

"విన్నాలే. కోటేశ్వర్లు ఫోన్ చేసినాడు. నేను తియ్యను."

"పిల్లల బతుకన్నా."

"నా చెయ్యి సంగతేంది? నేను బోణీ చేసిన అంగడి ఒక్కటి మూతపడింది చూపించు. ఇప్పుడు రామయ్య బోణీ చేసిన అంగడి మూడో రోజే మూసినారంట, ఆయనే వచ్చి బోణీ వాపసు తీసుకున్నాడంట అంటే, రేపట్నుంచి నన్నెవడు పిలుస్తాడు? నన్ను చెరిపెయ్యమన్నట్టే ఉంది నువ్వు చెప్పేది."

 హేమలత పోతుందని నాగమణి చెప్పింది. పై గది ఖాళీ అవుతుందని చెప్పింది. చెప్తూ చెప్తూ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. రామయ్య ఇబ్బందిగా కదిలి, లోపలికి కేకేసి మంచినీళ్ళు ఇప్పించాడు. తియ్యనన్న మాట మాత్రం మార్చలేదు. కాసేపటికి ఆమెను మరిపించడానికన్నట్టు ఫోను ఆమె వైపు తిప్పాడు.

"ఇది చూడు. నా అంగడి."

తెర మీద 'సంత రోజు'. రామయ్య అంగడి బస్తాలతో నిండి ఉంది. వచ్చినవాళ్ళంతా తీసేసిన ఆటను ఈయన ఆడుతున్నాడు.

"ఆడుతున్నావా నువ్వు!"

"పది రోజులాయె. పగలంతా ఇంకేం పనుంది నాకు? బాగానే ఉంది గానీ, చేసినోళ్ళకు వ్యాపారం తెలీదు మణీ. ఈ కందులు చూడు. కొత్త పంట, నూరు కేజీల బస్తా దించుకున్నా. ఆట లెక్కలో ఆర్నెల్లయింది లోపల పెట్టి. ఇప్పుడు తూస్తే ఎంతుందో తెలుసా? నూరే. ఎండదా గింజ? తగ్గదా తూకం? చిన్నపిల్లోణ్ణి అడిగినా చెప్తాడు. ఇంకోటి, వచ్చినోడు ఒక్కడూ బేరమాడడు. అడిగిన ధర ఇచ్చి పోతాడు. ఏ ఊరోళ్ళు వాళ్ళు?"

"ఇన్ని తప్పులుంటే మరి ఇంత మంచి ఆట చూళ్ళేదని ఎందుకు రాసినావు?"

"ఆ రోజు ఆట చూసినానా ఏంది? బోణీకి పోయినోడు సరుకును తిట్టి వస్తాడా?"

నాగమణి కొంగుతో మొహం తుడుచుకుంది. ఇరవై రెండేళ్ళుగా సరుకు చూసిన చెయ్యి ఆమెది. ఇంతసేపూ కన్నీళ్ళతో చెప్పలేకపోయింది ఇప్పుడు తేలిగ్గానే నోటికొచ్చింది.

"అన్నా, బోణీ రోజు వచ్చి మనం అనే మంచి మాట మనవాళ్ళకు. వాళ్ళకు తెలుసు అది దీవెనని. అక్కడ రాసింది చదివేటోడు ఏ దేశంలో ఉన్నాడో. వాడికి నువ్వెవరో నేనెవరో తెలీదు. సరుకు గురించి చెప్పినారనుకుంటాడు, నమ్మి కొంటాడు. అది బస్తా మూతికి మంచి గింజ పోసినట్టే గదా?"

రామయ్య తల గబుక్కున లేచింది. అడుగున పుచ్చు గింజలు పెట్టి, పైన జానెడు మందాన మంచివి పోసి కుట్టడం ఆ వ్యాపారంలో ఉన్న పాత మోసం. అట్లాంటి బస్తా దొరికితే ఆయన నడిబజారులో కుమ్మరించేవాడు.

"నా జన్మలో పొయ్యలేదు అట్ల."

"పోసినావు. నేనే దగ్గరుండి పోయించినా. ఇరవై మూడు పిడికిళ్ళు."

వీధిలో నీళ్ళ ట్యాంకరు పోయింది.  తర్వాత రామయ్య చెయ్యి చాపి, "ఆ కాగితం ఇటియ్యి" అన్నాడు. మనోజ్ఞ గీసిన బొమ్మలు చూసుకుంటూ, నాలుగుసార్లు తప్పు చోట నొక్కి, ఐదోసారి తీసేశాడు. కళ్ళద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆయన మొహం చూడలేక నాగమణి లేచింది.

"కూర్చో. మన మాట స్టోరులో ఉండకూడదంటివి. చేసినోళ్ళకు చెప్పొచ్చా?"

"చెప్పకూడదని యాడా రాయలేదు."

"అయితే రాసుకో."

తొమ్మిది తప్పులు చెప్పాడు. నాగమణి సరుకుల పుస్తకంలోనే రాసుకుని, ఆ కాగితం చింపి సంచీలో వేసుకుంది.

ఆ సాయంత్రమే మనోజ్ఞ స్టోరుకు రాసి పంపింది. ఇంటివాళ్ళు రాసినవి ఒక్కటీ లేవని, ఇదీ మా ఊరి పద్ధతి అని, ఇంకెప్పుడూ జరగదని. నాలుగు రోజులకు, ఇరవై తొమ్మిదో తారీఖు మధ్యాహ్నం, ఏ జవాబూ లేకుండా ఆట స్టోరులోకి తిరిగొచ్చింది. నక్షత్రాలుండాల్సిన చోట ఇంకా ఎవరూ ఏమీ రాయలేదని ఉంది. వాసవి పైకి పోయి పిల్లలిద్దరి చేతుల్లో చక్కెర పోసింది.

ఆ నాలుగు రోజులూ నాగమణి రామయ్య కాగితాన్ని బయటికి తీయలేదు. ఇప్పుడే ఊపిరి పీల్చుకుంటున్నారు, ఇందులో తొమ్మిది తప్పులున్నాయని చెప్తే ఆ ఉన్న మనసు కూడా విరిగిపోదా అని భయపడింది. రాత్రుళ్ళు ఆ సంచీ తలవైపు పెట్టుకుని పడుకుంది.

ముప్పయ్యో తారీఖు హేమలత పెద్ద బ్యాగు తెచ్చింది. గదిలో ఉన్న తన పుస్తకాలు, చార్జర్లు, చెప్పులు అందులో సర్దుతోంది. మనోజ్ఞ కిటికీ దగ్గర నిలబడి ఏదో చూస్తున్నట్టు ఉంది.

"ఆట తిరిగొచ్చింది గదమ్మా" అంది నాగమణి గుమ్మంలోంచే.

"వచ్చిందత్తా. స్టోరులో ఉంది. ఉన్నట్టు ఎవరికి తెలుసు? మనం లేని పన్నెండు రోజుల్లో మన మీద ఎన్ని ఆటలు పడినయ్యో లెక్క లేదు. నిన్నట్నుంచి నలుగురు తీసుకున్నారు. పదేసి నిమిషాలు ఆడి వదిలేసినారు."

"ఎందుకు వదిలేసినారంట?"

"ఎవరు చెప్తారు? చెప్పకుండానే పోతారు. ఏం బాలేదో తెలిస్తే ఇంకేం కావాలి?"

ఆ మాట విన్నాక కాగితం సంచీలో ఉంచుకోవడం తప్పుడు తూకం తూచినట్టే అనిపించింది నాగమణికి. తీసి, మడత విప్పి, బ్యాగు మీద పెట్టింది.

"రామయ్యన్న పది రోజులు ఆడి చెప్పినాడు. తొమ్మిదున్నయ్. నువ్వు బాధపడతావని ఇయ్యలేదు."

హేమలత నిలబడే చదివింది. రెండోది చదివి నొసలు ముడిచింది. "గురువారం నాడు ఆపితే సరుకు మాయమైపోతోందా? ఒసే, ఇటు రావే!" మనోజ్ఞ వచ్చి భుజం మీదుగా చూసింది. "ఆ రోజు సంత గదా, లెక్క రెండుసార్లు తీసేస్తున్నట్టుంది... నీదే అది." "నాదెట్ల? నీ బొమ్మ మారినప్పుడే గదా!" ఇద్దరూ అరుచుకున్నారు. తర్వాత హేమలత మళ్ళీ మొదటిది చదివింది.

"కందుల తూకం తగ్గాలా? నిజమేనా అత్తా? ఎంత తగ్గుద్ది?"

"తగ్గుద్ది. ఎంతో నేను చెప్పలేను, మేం నిలవ పెట్టం. అన్న నిలవ పెడతాడు."

హేమలత బ్యాగును పక్కకు జరిపి, లాప్‌టాపు చంకన పెట్టుకుని, రామయ్య ఇంటికి దారి అడిగింది.

మధ్యాహ్నం దాటినా పిల్లలిద్దరూ తిరిగి రాలేదు. మూడు గంటలప్పుడు నాగమణి టిఫిను క్యారియరు తీసుకుని బయల్దేరింది. బేస్తవారిపేట బస్సుకు టైమవుతోందని గుర్తు చేయాలా వద్దా అని దారంతా ఆలోచించింది.

వరండాలో రామయ్య, ఆయన పక్కన పిల్లలిద్దరూ నేల మీద. హేమలత ఒళ్ళో లాప్‌టాపు. ఆమె నాగమణిని చూసి, "అత్తా, కంపెనీకి రాసినా" అంది. "ఒక నెల తర్వాత చేరతానని. అట్లయితే ఈ ఉద్యోగం వేరేవాళ్ళకు ఇస్తామన్నారు. ఇచ్చుకోమన్నా."

నాగమణికి క్యారియరు ఎక్కడ పెట్టాలో తెలియలేదు. "మీ నాయన?" అంది.

"ఇప్పుడే చెప్తున్నా. లైన్లో ఉన్నాడు." ఫోను స్పీకరులో ఉంది. కొండయ్య గొంతు బొంగురుగా వినపడింది.

"ఉద్యోగం వద్దనుకుంటే వద్దనుకున్నావు, దాని సంగతి ఇంటికొచ్చినాక మాట్లాడదాం. ముందు ఆ తూకం మాట చెప్పు. నూరుకు ఐదు కేజీలు తగ్గుద్దని ఎవరన్నారు నీకు?"

"నేనన్నా" అన్నాడు రామయ్య ఫోను వైపు వంగి. "నలభై ఏళ్ళు కందులు కొన్నా."

"కొన్నావేమో అన్నా, పండించినావా? కళ్ళంలో రెండు ఎండలు గట్టిగా ఎండబెట్టి తెచ్చినోడి సరుకు ఐదెట్ల తగ్గుద్ది? రెండు కూడా తగ్గదు. మా తూకంలో ఐదని కోసుకుంటిరి మీ బజారోళ్ళు, మా నాయన కాలం నుంచి!"

"ఎండబెట్టి తెచ్చినోడెవరు? మంచులో తడిపి తెచ్చినోళ్ళను నేను చూళ్ళేదా?"

"ఉండండి, ఉండండి" అంది హేమలత టైపు చేస్తూనే. "ఎండబెట్టి తెచ్చినోడిది వేరే, పచ్చిగా తెచ్చినోడిది వేరే పెడతా. నాయనా, ఎండబెట్టిందానికి రెండు పెట్టనా?"

"ఒకటిన్నర పెట్టు" అన్నాడు కొండయ్య.

"రెండు" అన్నాడు రామయ్య.

నాగమణి లోపలికి పోయి కంచాలు తెచ్చి, అరుగు మీద పెట్టి, క్యారియరు గిన్నెలు విప్పసాగింది.